కంచరగాడిదల బాట నుంచి గెలాక్సీల గుంపుల దాకా: మిల్టన్ హ్యూమసన్ జీవితం

విశ్వం విస్తరిస్తోందనే మాట ఇవాళ హైస్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆ సంగతి కనిపెట్టినదెవరని అడిగితే వెంటనే వచ్చే పేరు ఎడ్విన్ హబుల్. ఆయన పేరు మీద ఒక నియమం ఉంది, ఒక స్థిరాంకం ఉంది, భూమి చుట్టూ తిరిగే ఒక టెలిస్కోపు కూడా ఉంది. అందులో తప్పేమీ లేదు, ఆయనకు దక్కవలసిన గౌరవమే దక్కింది. కాని ఆ నియమానికి రెండు కాళ్ళున్నాయి. ఒకటి దూరం, రెండోది వేగం. దూరాల సంగతి హబుల్ చూశాడు. అందరికన్నా దూరాన ఉన్న గెలాక్సీల వేగాలను చలికి ఓర్చుకుని, రాత్రుల తరబడి నిద్ర మానుకుని కొలిచినవాడు మరొకాయన. ఆయనే మిల్టన్ లాసెల్ హ్యూమసన్. ఖగోళ శాస్త్రజ్ఞుల్లో ఆ పేరు వినని వాళ్ళుండరు. ఆయన చదివిన చదువెంతో విన్నవాళ్ళు మాత్రం ఓ పట్టాన నమ్మరు.

హ్యూమసన్ 1891 ఆగస్టు 19న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డాడ్జ్ సెంటర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెరిగింది కాలిఫోర్నియాలో. పద్నాలుగేళ్ళ వయసులో వేసవి శిబిరానికని మౌంట్ విల్సన్ అనే కొండ మీదికి వెళ్ళాడు. పసడెనా పట్నానికి పైన, సముద్ర మట్టానికి 1,740 మీటర్ల ఎత్తున ఉన్న కొండ అది. ఆ కుర్రవాడికి కొండ ఎంత నచ్చిందంటే, ఇక కిందికి దిగబుద్ధి కాలేదు. ఒక్క ఏడాది బడి మానేస్తానని అమ్మానాన్నల్ని ఒప్పించాడు. ఆ ఒక్క ఏడాదీ జీవితాంతమైంది. మళ్ళీ బడి మెట్లు ఎక్కలేదు. అంటే ఆయన చదువు ఎనిమిదో తరగతితో సరి.

కొండ మీద ఒక హోటలుండేది. అందులో సామాన్లు మోసే పని, అంట్లు, గదులు, ఇలా చేతికందిన పనల్లా చేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే జార్జ్ ఎల్లరీ హేల్ అనే మహానుభావుడు ఆ కొండ మీద పెద్ద వేధశాల కట్టిస్తున్నాడు. 1904లో మొదలైన పని అది. 1908లో 60 అంగుళాల దూరదర్శిని అక్కడ పని మొదలుపెట్టింది. కొండ మీద కట్టడమంటే మాటలా? కలప, ఇనుము, తిండి గింజలు, అన్నీ కింది నుంచి పైకి చేరాలి. అందుకు కంచరగాడిదల బిడారులుండేవి. ఇరుకు బాట, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఆ బిడారులను తోలే పనిలో మన హ్యూమసన్ చేరాడు. ఏ గాడిద ఎక్కడ మొరాయిస్తుందో, ఏ మలుపులో ఎంత నెమ్మదిగా నడిపించాలో తెలిసినవాడికే ఆ పని చేతనవుతుంది. పశువులతో పని చేసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఓపిక లేనివాడు దానికి పనికిరాడు. ఆ ఓపికే తరువాత ఆకాశం మీద పనికొచ్చింది.

వేధశాలలో డౌడ్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన కూతురు హెలెన్‌ను హ్యూమసన్ 1911లో పెళ్ళాడాడు. రెండేళ్ళకు కొడుకు పుట్టాడు. సంసారమన్నాక గాడిదల బాట మీద ఎన్నాళ్ళు నడుస్తుంది? కొండ దిగి పసడెనాలో తోటమాలి పని చేశాడు, కొద్దికాలం పండ్లతోట వ్యవసాయమూ చేశాడు. కాని మనసంతా కొండ మీదే. 1917లో వేధశాలలో ఒక చిన్న ఉద్యోగం ఖాళీగా ఉందని మామగారి ద్వారా తెలిసింది. ఊడ్చి తుడిచే పని. తోటను వదిలి ఆ పనికి వెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళవాడు, పెళ్ళాం బిడ్డలున్నవాడు, సొంత తోట వదులుకుని చీపురు పట్టడానికి కొండెక్కాడంటే చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

అదే ఏడాది నవంబరులో 100 అంగుళాల హుకర్ దూరదర్శిని మొదటిసారి ఆకాశాన్ని చూసింది. ఆనాటికి ప్రపంచంలో అంత పెద్దది ఇంకొకటి లేదు. రాత్రిపూట శాస్త్రజ్ఞులకు సాయపడడానికి మనుషులు కావలసి వచ్చారు. గుమ్మటం తిప్పడం, ఫొటో పలకలు అందించడం, దూరదర్శిని నక్షత్రం వెంట సరిగా కదులుతోందో లేదో చూడడం, ఇవీ ఆ పనులు. ఊడ్చే హ్యూమసన్ రాత్రి సహాయకుడయ్యాడు. అక్కడి శాస్త్రజ్ఞులు సెత్ నికల్సన్, హార్లో షాప్లీ వంటివాళ్ళు ఆయన చేతిలోని నేర్పు గమనించారు, లెక్కలూ ఫొటోల పనీ నేర్చుకోవడానికి చేయూతనిచ్చారు. మసక నక్షత్రాల ఫొటోలు తీయడంలో ఆయనకు సాటి లేరని కొద్ది రోజుల్లోనే పేరు వచ్చింది. ఆయన్ను శాస్త్రజ్ఞుల జాబితాలో చేర్చాలని హేల్ అనుకున్నప్పుడు కొందరు అభ్యంతరం చెప్పారు. డిగ్రీ లేదు, హైస్కూలు చదువు లేదు, పైగా వేధశాల ఇంజనీరుకు అల్లుడు. హేల్ అవేమీ లెక్కచేయలేదు. పని చూశాడు, ఉద్యోగమిచ్చాడు.

అలాగని హ్యూమసన్ దారి పూలబాట కాదు. 1919లో నెప్ట్యూన్‌కు అవతల మరో గ్రహం ఉండవచ్చని విలియం పికరింగ్ లెక్క కట్టి చెబితే, ఆ చోటు ఫొటోలు తీసే పని హ్యూమసన్ చేశాడు. గ్రహం దొరకలేదు. 1930లో క్లైడ్ టాంబో ప్లూటోను కనిపెట్టాక పాత పలకలు తీసి చూస్తే, 1919 నాటి పలకల మీద ప్లూటో చుక్క ఉండనే ఉంది. చేతిదాకా వచ్చి జారిపోయింది.

అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. ఇది హ్యూమసన్ తరువాత తన తోటివాళ్ళతో చెప్పుకున్న సంగతి. షాప్లీ ఒకసారి ఆండ్రొమెడా నీహారిక ఫొటో పలకలు ఇచ్చి పోల్చి చూడమన్నాడు. అందులో కొన్ని చుక్కల వెలుగు ఒక పలకలో ఒకలా, మరో పలకలో మరోలా ఉండడం హ్యూమసన్ గమనించి, గాజు వెనకవైపు సిరాతో గుర్తులు పెట్టాడు. అవి సెఫీడ్ నక్షత్రాలు అయ్యే వీలు లేదని షాప్లీ పాఠం చెప్పినట్టు వివరించి, జేబురుమాలు తీసి ఆ గుర్తులు తుడిచేశాడట. షాప్లీ 1921లో హార్వర్డ్ వేధశాలకు వెళ్ళిపోయాడు. 1923 అక్టోబరులో అదే ఆండ్రొమెడాలో హబుల్ ఒక సెఫీడ్‌ను పట్టుకున్నాడు. దాంతో ఆండ్రొమెడా మన పాలపుంతకు అవతల ఉన్న మరో గెలాక్సీ అని తేలిపోయింది.

సెఫీడ్ అంటే ఏమిటో ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. అవి క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తరిగే నక్షత్రాలు. 1912లో హార్వర్డ్‌లో హెన్రియెట్టా లీవిట్ అనే విదుషి, చిన్న మాజిలాన్ మేఘంలోని 25 సెఫీడ్‌లను పరిశీలించి, ఎక్కువ రోజులకొకసారి వెలిగేది అసలు కాంతిలో కూడా పెద్దదని చూపించింది. అంటే రోజులు లెక్కపెడితే దాని అసలు కాంతి తెలుస్తుంది. కంటికి కనిపించే కాంతితో దాన్ని పోలిస్తే దూరం తెలుస్తుంది. విశ్వానికి దొరికిన మొదటి గజంబద్ద అది.

ఇక రెండో కాలు, వేగం. గెలాక్సీ వెలుగును పట్టకం గుండా పంపితే రంగులపట్టీ వస్తుంది. దానినే వర్ణపటం అంటాం. అందులో కొన్ని నల్ల గీతలుంటాయి. కాల్షియం గీతలు రెండు ఊదారంగు అంచున, 3933, 3968 ఆంగ్‌స్ట్రాంల దగ్గర ఉంటాయి. గెలాక్సీ మన నుంచి దూరంగా పోతుంటే ఆ గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే ఎంత వేగమో తెలుస్తుంది. ఈ పనికి పునాది వేసింది లోవెల్ వేధశాలలోని వెస్టో స్లైఫర్. 1912 నుంచి ఆయన నలభైకి పైగా నీహారికల వేగాలు కొలిచాడు. చాలామటుకు దూరంగా పోతున్నవే. కాని ఆయన దూరదర్శిని 24 అంగుళాలది. సెకనుకు 1,800 కిలోమీటర్లను మించిన వేగం దానికి అందలేదు.

1928లో హబుల్ హాలెండులోని లైడెన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమావేశానికి వెళ్ళివచ్చాడు. దూరం పెరిగితే వేగం కూడా పెరుగుతుందా అనే ప్రశ్న అప్పటికే శాస్త్రజ్ఞుల్లో నలుగుతోంది. బెల్జియం మతగురువు లెమైత్ర్ 1927లోనే విస్తరించే విశ్వం గురించి రాసి ఉన్నాడు. తిరిగి రాగానే హబుల్ హ్యూమసన్‌ను పిలిచి, స్లైఫర్ చూసినవాటికన్నా మసకైన గెలాక్సీల వర్ణపటాలు తీసి చూడమన్నాడు. హ్యూమసన్ ఎంచుకున్నది ఎన్.జి.సి. 7619. పెగాసస్ రాశి దిక్కున ఉన్న గెలాక్సీల గుంపులో అదొకటి.

ఆ పని ఎలాంటిదో కాస్త వివరంగా చెప్పాలి. గెలాక్సీ వెలుగే మసక. దాన్ని సన్నని చీలిక గుండా పంపి, మళ్ళీ రంగులుగా విడదీస్తే, ఒక్కొక్క రంగుకూ మిగిలేది చిటికెడు. అందుకని ఒకే పలకను రాత్రి తరువాత రాత్రి అదే గెలాక్సీకి చూపించాలి. తెల్లారగానే పలక మూసి దాచాలి, చీకటి పడగానే మళ్ళీ సరిగ్గా అదే చోట నిలపాలి. గుమ్మటంలో నిప్పు రాజేసుకోవడానికి లేదు, వేడిగాలి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. కొండ మీది శీతాకాలపు చలిలో కంటిని కటకానికి ఆనించి, గెలాక్సీ చీలిక మీద నుంచి జారకుండా మీటలు సర్దుతూ ఉండాలి. మా పల్లెల్లో అర్ధరాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు దగ్గర కాచుకుని, మడి మడికీ నీళ్ళు మళ్ళించే రైతులుంటారు. కాసేపు కునుకు పడితే గట్టు తెగుతుంది. హ్యూమసన్ కాపలా అలాంటిదే, కాకపోతే ఒక్క మడికి ఎన్నో రాత్రులు.

ఎన్.జి.సి. 7619కు ఆయన రెండు వర్ణపటాలు తీశాడు. ఒకదానికి 33 గంటలు పట్టింది, రెండోదానికి 45 గంటలు. గీతలు దాదాపు 50 ఆంగ్‌స్ట్రాంలు జరిగి కనిపించాయి. లెక్క కడితే వేగం సెకనుకు 3,779 కిలోమీటర్లు. స్లైఫర్ చూసిన పెద్ద వేగానికి రెట్టింపు. 1929 మార్చిలో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఆయన వ్యాసం రెండు పేజీలు, దాని వెంటనే హబుల్ వ్యాసం అచ్చయ్యాయి. దూరం ఎంతో వేగం అంత అనే సరళరేఖ ప్రపంచానికి తెలిసింది ఆ వ్యాసంతోనే. హబుల్ గీసిన రేఖ దగ్గరి గెలాక్సీలతో గీసింది. అది దూరానికి పోయినా వంగకుండా నిలుస్తుందని మొదట ధైర్యమిచ్చింది హ్యూమసన్ కొలిచిన ఆ ఒక్క అంకె.

అయితే ఒక్క గెలాక్సీ సాక్ష్యం చాలదు. ఇక్కడే గెలాక్సీల గుంపులు అవసరమయ్యాయి. ఎందుకో చూద్దాం.

గెలాక్సీలు చాలా చోట్ల గుంపులు గుంపులుగా ఉంటాయి. మనకు దగ్గరి పెద్ద గుంపు కన్యారాశి దిక్కున ఉంది. దాన్ని వర్గో గుంపు అంటారు. అందులో వెయ్యికి పైగా గెలాక్సీలున్నాయి. మేకల మంద రోడ్డు మీద పోతోందనుకోండి. ఒక మేక ముందుకు ఉరుకుతుంది, ఒకటి పక్కకు పోతుంది, ఒకటి ఆకు కోసం వెనక్కి తిరుగుతుంది. ఒక్క మేకను చూసి మంద నడక చెప్పలేం. గుంపులోని గెలాక్సీలూ అంతే, ఒకదాని ఆకర్షణకు ఒకటి లోనై లోపల అటూ ఇటూ పరుగెడుతుంటాయి. వర్గో గుంపులోని మెస్సియే 86 అనే గెలాక్సీ సెకనుకు 240 కిలోమీటర్లకు పైగా వేగంతో మన వైపే వస్తోంది! అది ఒక్కటే చూసినవాడు విశ్వం కుంచించుకుపోతోందనుకుంటాడు. కొన్నింటి వేగాలు కొలిచి సగటు తీస్తే ఈ సొంత పరుగులు చాలావరకు కొట్టుకుపోయి, విస్తరణ వేగం మిగులుతుంది. 1931 నాటికి వర్గో గుంపులో ఏడు గెలాక్సీలు కొలిచి తీసిన సగటు సెకనుకు 890 కిలోమీటర్లు.

దూరానికీ గుంపే ఆధారం. దూరపు గెలాక్సీలలో సెఫీడ్‌లు విడిగా కనపడవు. మరి దూరం ఎలా? రాత్రి పూట దూరాన ఒక్క దీపం కనిపిస్తే అది దగ్గరి గుడ్డిదీపమో, దూరపు పెద్దలైటో చెప్పలేం. కాని ఒక ఊరి దీపాలన్నీ కనిపిస్తే, అందులో పెద్ద దీపాలు ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఒకటే ప్రకాశం అనుకోవచ్చు. ఈ ఊరి పెద్ద దీపాలకన్నా ఆ ఊరివి ఎన్ని వంతులు మసకగా ఉన్నాయో చూసి, అది ఎన్ని రెట్లు దూరమో చెప్పవచ్చు. హబుల్ చేసిందదే. ప్రతి గుంపులోనూ ప్రకాశవంతమైన గెలాక్సీలను తీసుకుని పోల్చాడు. అన్నిటికన్నా మెరిసేది ఒక్కోచోట మామూలుకు మించి ఉండవచ్చు కాబట్టి ఐదో స్థానంలో ఉన్నదాన్ని ప్రమాణంగా పెట్టుకున్నాడు.

ఇక హ్యూమసన్ ఒక గుంపు తరువాత మరో గుంపు పట్టుకున్నాడు. పెగాసస్, మీనరాశి, కర్కాటకం, పెర్సియస్, కోమా, సప్తర్షి మండలం, సింహరాశి. డబ్ల్యు. బి. రేటన్ అనే కటకాల నిపుణుడు సూక్ష్మదర్శిని కటకాల పద్ధతిలో ఒక కొత్త కెమెరా కటకం తయారుచేసి ఇచ్చాడు. దాంతో వర్ణపటం చాలా చిన్నదైనా, వెలుగు ఒకచోటికి చేరి పని తొందరగా సాగింది. 1931లో హబుల్, హ్యూమసన్ ఇద్దరి పేర్లతో వచ్చిన వ్యాసంలో కోమా గుంపు వేగం సుమారు 7,500 కిలోమీటర్లు, సింహరాశి గుంపుది 19,600. వాళ్ళ లెక్కలో కోమా గుంపు వర్గో కంటే దాదాపు ఎనిమిది రెట్లు దూరం, వేగం కూడా ఎనిమిది రెట్లకు కాస్త పైన. రేఖ వంగలేదు. ఆ ఏడాది జనవరిలో ఐన్‌స్టీన్ స్వయంగా మౌంట్ విల్సన్ కొండెక్కి వచ్చి ఈ పనిని చూసి వెళ్ళాడు. అంతకుముందు విశ్వం కదలకుండా ఉండాలని తన సమీకరణానికి ఆయన చేర్చిన పదాన్ని ఆ తరువాత వదులుకున్నాడు.

1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే శాస్త్రజ్ఞుడు కోమా గుంపు వేగాలను మరో దృష్టితో చూశాడు. సగటు కాకుండా, గెలాక్సీల మధ్య వేగాల తేడా ఎంత ఉందో చూశాడు. అంత వేగంగా పరుగెత్తే గెలాక్సీలను పట్టి ఉంచాలంటే కంటికి కనిపించే పదార్థం ఎంతమాత్రం చాలదన్నాడు. ఈనాడు కృష్ణపదార్థం అని మనం చదువుకునే దానికి అది మొదటి సాక్ష్యాల్లో ఒకటి. ఆ సాక్ష్యానికి ముడిసరుకు మౌంట్ విల్సన్ పలకల మీదిదే. ఒకరు ఓపిగ్గా కొలిచి పెట్టిన అంకె మరొకరికి ఎక్కడ పనికొస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు.

1936కల్లా హ్యూమసన్ మరో వంద గెలాక్సీల వేగాలు ప్రకటించాడు. సప్తర్షి మండలంలోని రెండో గుంపు వేగం సెకనుకు 42,000 కిలోమీటర్లు, అంటే కాంతి వేగంలో ఏడో వంతు. 100 అంగుళాల దూరదర్శినికి అదే హద్దు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. తన వ్యాసాల శీర్షికల్లోనే ఆయన వీటిని పైకి కనిపించే వేగాలుగా పేర్కొన్నాడు. గీతలు జరిగాయన్నది చూసిన నిజం, దానికి కారణం ఇదీ అని చెప్పడం వేరే పని. తను చూసినదెంతో, చూడనిదెంతో ఆయనకు తెలుసు. మన ప్రాక్టికల్ రికార్డుల్లో రావలసిన జవాబు ముందే తెలుసుకుని రీడింగులు సర్దుకునే అలవాటున్న మనకు ఇది కొంచెం గుచ్చుకునే సంగతే.

1948లో పాలోమార్ కొండ మీద 200 అంగుళాల హేల్ దూరదర్శిని వచ్చింది. హ్యూమసన్‌కు అప్పటికి యాభై ఏడేళ్ళు. ఆ ఏడాదే మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలల కార్యదర్శి బాధ్యత కూడా ఆయన మీద పడింది. అయినా రాత్రి పని మానలేదు. 1951 నాటికి హైడ్రా రాశి దిక్కున ఉన్న గుంపు వేగం సెకనుకు 61,000 కిలోమీటర్లని కొలిచాడు. కాంతి వేగంలో అయిదో వంతు. 3933 దగ్గర ఉండవలసిన కాల్షియం గీత 4730 దాటి నీలిరంగులోకి వచ్చేసింది. హైదరాబాదులో పెరిగి నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు, హార్వర్డులో డాక్టరేటు అయ్యాక కార్నెగీ ఫెలోషిప్ మీద వెళ్ళి పనిచేసింది కూడా 1950ల మొదట్లో ఈ వేధశాలల్లోనే.

1950లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం హ్యూమసన్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఎనిమిదో తరగతి నుంచి నేరుగా డాక్టరేటు! మధ్యలో ఉన్న తరగతులన్నీ ఆయన చీకట్లో, చలిలో చదివాడు. 1953లో హబుల్ చనిపోయాడు. రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డులో చదివిన హబుల్, గాడిదలు తోలిన హ్యూమసన్, ఇద్దరూ పాతికేళ్ళు ఒకే పనికి కాడి పట్టారు. 1956లో హ్యూమసన్, నికొలస్ మేయల్, అలన్ శాండేజ్ కలిసి పెద్ద వ్యాసం వెలువరించారు. మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలల నుంచి 620 గెలాక్సీలు, మేయల్ పనిచేసిన లిక్ వేధశాల నుంచి 300. ఇరవై ఏళ్ళ రాత్రులు ఆ పట్టికల్లో ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. 1929లో హబుల్ చెప్పిన విస్తరణ రేటు, మెగాపార్సెకుకు సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు. ఒక మెగాపార్సెక్ అంటే 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరాలు. ఆ రేటున వెనక్కి లెక్క కడితే విశ్వం వయసు సుమారు 200 కోట్ల సంవత్సరాలు వస్తుంది. భూమి వయసే 450 కోట్లు. తల్లికన్నా బిడ్డ పెద్దదవుతుందా? ఎక్కడో తప్పుంది. ఆ తప్పు వేగాల్లో లేదు, దూరాల్లో ఉంది. 1952లో వాల్టర్ బాడే సెఫీడ్‌లు ఒక రకం కాదు, రెండు రకాలని చూపి దూరాలను రెట్టింపు చేశాడు. దూరపు గెలాక్సీలలో హబుల్ నక్షత్రాలనుకున్నవి కొన్ని నిజానికి వెలిగే వాయుమేఘాలని శాండేజ్ కనిపెట్టాడు. 1956 వ్యాసంలో రేటు 180కి దిగింది. 1958లో శాండేజ్ లెక్కలో 75 దగ్గరికి వచ్చింది.

వర్గో గుంపు 60 లక్షల కాంతి సంవత్సరాల దూరమని 1931లో లెక్క వేశారు. నిజానికి అది 5 కోట్ల కాంతి సంవత్సరాలకు పైమాటే. 1990లో అంతరిక్షంలోకి వెళ్ళిన హబుల్ టెలిస్కోపుతో 1994లో వర్గో గుంపులోని మెస్సియే 100 గెలాక్సీలో సెఫీడ్‌లు చూసి దూరం తేల్చారు. 2001లో ఆ టెలిస్కోపు బృందం చెప్పిన విస్తరణ రేటు 72. విశ్వం వయసు ఇప్పుడు 1,380 కోట్ల సంవత్సరాలు. అయినా పని పూర్తి కాలేదు. దగ్గరి గెలాక్సీలలో సెఫీడ్‌లతో మొదలుపెట్టి కొలిస్తే 73 వస్తోంది, విశ్వం తొలినాటి కాంతిని బట్టి కడితే 67 వస్తోంది. ఈ తేడా ఎందుకో ఇంకా తేలలేదు.

మరి గజంబద్ద ఏడు రెట్లు తప్పయినా హబుల్, హ్యూమసన్ గీసిన రేఖ ఎలా నిలిచింది? ఒక పొలం కొలిచే గొలుసు పొట్టిదనుకోండి. ఎకరాల లెక్క తప్పు వస్తుంది. కాని ఈ చేను ఆ చేనుకు ఎనిమిది రెట్లు అన్నది తప్పు కాదు. ఒక గుంపు మరో గుంపుకు ఎన్ని రెట్లు దూరమో చాలావరకు సరిగానే తెలిసింది. వేగాలు హ్యూమసన్ సరిగా కొలిచాడు. అందుకే రేఖ సరళరేఖగానే ఉండిపోయింది, దాని వాలు మాత్రం మారింది. ఎన్.జి.సి. 7619 వేగం నేటి యంత్రాలతో కొలిచినా 3,760 దగ్గర వస్తుంది. 1929 నాటి 3,779కి తేడా ఇరవై కిలోమీటర్లు. ఇన్నేళ్ళలో దూరం అంకెలు ఎన్నిసార్లు మారినా, రాత్రుల తరబడి పలక దగ్గర కూర్చున్న మనిషి అంకె మారలేదు.

హ్యూమసన్ 1957లో ఉద్యోగ విరమణ చేశాడు. 1961లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. సూర్యుడికి ఎంతో దూరాన ఉన్నప్పుడే చురుగ్గా వాయువులు వెలిగక్కిన పెద్ద తోకచుక్క అది. దానికి ఆయన పేరే పెట్టారు. 1972 జూన్ 18న కాలిఫోర్నియాలోని మెండొసీనో దగ్గర కన్నుమూశాడు. చంద్రుడి మీద ఒక బిలానికి, 2070 నంబరు గ్రహశకలానికి కూడా ఆయన పేరుంది.

ఈ జీవితం చదివి డిగ్రీలు దండగ అనుకుంటే అది పొరపాటు. హ్యూమసన్ చదువు మానలేదు, బడి మానాడు అంతే. లెక్కలు నేర్పేవాళ్ళను వెతుక్కున్నాడు, నేర్చుకున్నాడు. ఇంకో సంగతి, అలాంటివాణ్ణి గుర్తించడానికి ఒక హేల్ కూడా ఉండాలి. పట్టా చూడకుండా పని చూసే పెద్దలు లేకపోతే, ఎంత నేర్పున్నవాడైనా చీపురు దగ్గరే ఆగిపోతాడు. మన లాబొరేటరీల్లో సామాను కడిగి సర్దే అటెండర్లలో, పేరు తెలియని పల్లె నుంచి వచ్చి వెనక బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చునే మన క్లాసువాళ్ళలో అలాంటివాళ్ళు ఎందరున్నారో మనం ఎప్పుడైనా చూశామా? విద్యార్థులు, అధ్యాపకులు, ఈ కళాశాలలో చదివి పెద్దవాళ్ళయిన పూర్వ విద్యార్థులు ఈ ప్రశ్నను ఒక్కసారి తమకు తాము వేసుకుంటే బాగుంటుంది. విశ్వం ఎంత పెద్దదో తెలియడానికి ఒకప్పుడు కంచరగాడిదలు తోలిన మనిషి అవసరమయ్యాడు.